అరికాళ్లకు అక్షరాభ్యాసం

మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే ఆగిపోతాయి. వంటింట్లో, డాబా మీద బట్టలారేసేటప్పుడు, గుడి ప్రదక్షిణలో, పెళ్లి పందిట్లో మన అడుగు నేరుగా నేలనే తాకుతుంది. అందుకే ఎవరైనా వచ్చి "ఒట్టి కాళ్లతో పరిగెత్తడం మొదలుపెడదామనుకుంటున్నానండీ, ఎలా?" అని అడిగితే నాకు ముందు సంతోషం వేస్తుంది. కాలికి నేల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కదా, సగం దూరం వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ వెంటనే ఒక మాట చెప్పబుద్ధవుతుంది. నడక వేరు, పరుగు వేరు. నడుస్తున్నంతసేపూ ఏదో ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో రెండూ గాల్లోకి లేచే క్షణం ఒకటుంటుంది. మళ్లీ దిగే పాదం మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది. ఇంట్లో ముప్పై ఏళ్లు ఒట్టి కాళ్లతో తిరిగిన పాదానికైనా ఇది కొత్త పాఠమే.

ఇంతకీ మీకు ఈ కోరిక ఎలా పుట్టింది? నన్నడిగేవాళ్లలో చాలామంది ఏదో పుస్తకం చదివో, ఎవరి వీడియోనో చూసో వస్తారు. ఆ పుస్తకం ఎక్కువసార్లు ఒక్కటే. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ అనే అమెరికా పాత్రికేయుడు రాసిన 'బార్న్ టు రన్'. మెక్సికోలో కాపర్ కాన్యన్ అనే లోయల ప్రాంతం ఉంది. అక్కడి రారామురి జనం కొండదారుల్లో గంటల తరబడి ఎలా పరిగెత్తుతారో అందులో చెప్పాడు. బయటివాళ్లు వాళ్లను తారాహుమారా అంటారు. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, వాళ్లవి పూర్తిగా ఒట్టి కాళ్లు కావు. పాత టైరు ముక్కను పాదం ఆకారంలో కోసి, వారు వేసి, చీలమండకు చుట్టి కట్టుకునే చెప్పులు వేసుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు మన పల్లెల్లోని టైరు చెప్పులు కళ్లముందు మెదిలాయి. పొలం గట్ల మీద, కంకర బాటల్లో, తుమ్మ కంపల మధ్య మన రైతులూ కూలీలూ ఏళ్ల తరబడి వాటితోనే తిరిగారు. మన టైరు చెప్పు కాస్త బిరుసే. అయినా మడమ కింద ఎత్తు లేదు, వేళ్లను బిగించే గూడు లేదు. ఇవాళ ఖరీదైన దుకాణాల్లో 'మినిమల్ షూస్' అని అమ్మేవాటికి మొదటి లక్షణాలు ఈ రెండే.

ఆ పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే, 2010 జనవరిలో, హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ బృందం రాసిన పరిశోధన వ్యాసం 'నేచర్' పత్రికలో వచ్చింది. బూట్లతో పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఎక్కువగా మడమ మోపి దిగుతున్నారు. చిన్నప్పటి నుంచీ ఒట్టి కాళ్లతో పరిగెత్తినవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మోపి, తరవాత మడమ ఆనిస్తున్నారు. మడమతో దిగినప్పుడు నేల తగలగానే ఒక్క కుదుపు ఒంట్లోకి పాకుతుంది. ముందు భాగంతో దిగినప్పుడు ఆ మొదటి కుదుపు దాదాపు కనిపించదు. ఇదీ వాళ్లు చూపించింది. దీన్ని పట్టుకుని "బూట్లే అన్ని నొప్పులకూ మూలం" అని ఒక గుంపు బయల్దేరింది. లీబర్‌మన్ ఆ మాట అనలేదు. 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ జనాన్ని వేరే పరిశోధకులు గమనించారు. వాళ్లూ పుట్టినప్పటి నుంచీ ఒట్టి కాళ్లవాళ్లే. కానీ తాపీగా పరిగెత్తేటప్పుడు వాళ్లలో ఎక్కువమంది మడమతోనే దిగుతున్నారు, వేగం పెరిగితే తీరు మారుతోంది. అంటే ఒట్టి కాలికి ఒకే పద్ధతంటూ లేదన్నమాట. నేలను బట్టి, వేగాన్ని బట్టి, అలవాటును బట్టి పాదం తన దారి తను వెతుక్కుంటుంది.

ఆ రోజుల్లోనే చేతి తొడుగులా అయిదు వేళ్లకూ వేరువేరు గూళ్లున్న వైబ్రమ్ కంపెనీ బూట్లు అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయాయి. పాదాలు బలపడతాయనీ, గాయాలు తగ్గుతాయనీ చేసిన ప్రచారానికి తగిన ఆధారం లేదని కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. తప్పు ఒప్పుకోకుండానే ఆ కంపెనీ 2014లో 37 లక్షల 50 వేల డాలర్లతో రాజీ చేసుకుంది. ఆ మోజూ చల్లారింది. తరవాత గాలి పూర్తిగా ఎదురువైపు తిరిగింది. అడుగున మందపాటి నురుగు పొరలు వేసిన బూట్లొచ్చాయి. చివరికి 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ రోడ్డు పోటీల బూటు అడుగు 40 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. పదేళ్లలో ఒక కొస నుంచి ఇంకో కొసకు! నేను మాత్రం ఈ రెండు పక్షాల్లోనూ లేను. ఒట్టి కాలు నాకు మతం కాదు. అది పరుగు నేర్పే పద్ధతి. నేర్చుకున్నాక బూట్లు వేసుకున్నా ఆ చదువు ఎక్కడికీ పోదు.

అబెబె బికిలా కథ మీరు వినే ఉంటారు. దాన్ని చాలామంది సగమే చెబుతారు కాబట్టి నేను మిగతా సగం కూడా చెబుతాను. 1960 సెప్టెంబరు 10 సాయంత్రం రోమ్ ఒలింపిక్స్ మారథాన్. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు బికిలా. ఆఖరి నిమిషంలో జట్టులోకి వచ్చినవాడు. ఇచ్చిన బూట్లు కాళ్లకు సరిపడలేదు. ఒట్టి కాళ్లతో సాధన చేసిన అలవాటు ఎలాగూ ఉంది, అలాగే దిగాడు. రాతి పలకలు పరిచిన పాత అప్పియన్ రోడ్డు. చీకటి పడింది, దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. మొరాకోకు చెందిన రాది బెన్ అబ్దెస్సలామ్ చాలా దూరం పక్కనే వచ్చాడు. ఇథియోపియా నుంచి ముసోలినీ సైన్యం ఎత్తుకొచ్చిన అక్సుమ్ శిలాస్తంభం దగ్గరకొచ్చేసరికి బికిలా వేగం పెంచాడు. కాన్‌స్టాంటైన్ తోరణం దగ్గర గెలుపు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలోనే మేటి సమయం. ఈ కథ వింటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మిగతా సగం. నాలుగేళ్ల తరవాత టోక్యోలో అదే బికిలా, అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో పరిగెత్తి మళ్లీ బంగారు పతకం అందుకున్నాడు. ఈసారి కాళ్లకు బూట్లున్నాయి. కాబట్టి గెలిపించింది ఒట్టి కాళ్లూ కాదు, బూట్లూ కాదు. ఏళ్ల తరబడి నేల మీద తయారైన పాదం, దాని వెనక ఉన్న మనిషి. మన మిలింద్ సోమన్ కూడా 2016లో అహ్మదాబాద్ నుంచి ముంబయి దాకా 527 కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో పరిగెత్తాడు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా పరిగెత్తుతున్న కాళ్లు అవి. అలాంటి ఫోటోలు చూసి మర్నాడే బూట్లు అవతల పారేయాలనిపించడం సహజం. ఆ మర్నాటి ఉత్సాహం గురించే నా భయమంతా.

ఎందుకో చెబుతాను. పాదంలో 26 ఎముకలుంటాయి. అరికాలి వంపు, మడమ వెనక ఉండే లావుపాటి స్నాయువు, రెండూ సాగి ముడుచుకుంటూ ప్రతి అడుగులోనూ కొంత శక్తిని దాచి తిరిగి ఇస్తాయి. 1987లో బ్రిటన్‌లో చేసిన కొలతల ప్రకారం నేల మోపినప్పుడు వచ్చే శక్తిలో మడమ స్నాయువు దాదాపు 35 శాతాన్ని, అరికాలి వంపు 17 శాతాన్ని పట్టి ఉంచగలవు. అంత మంచి అమరిక మన కాళ్లలోనే ఉంది. అయితే మామూలు పరుగు బూటులో మడమ, వేళ్లకంటే పదీ పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అలా ఏళ్లు గడిస్తే ఆ స్నాయువు తన పూర్తి నిడివికి సాగడం తగ్గిపోతుంది. పిక్క కండకూ అంతే. ఒక్కసారిగా బూటు తీసేస్తే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది, నిజమే. కానీ తగ్గింది ఎక్కడికీ మాయమవదు. పిక్క మీదికీ, మడమ స్నాయువు మీదికీ, వేళ్ల వెనక ఉండే సన్నటి పొడుగాటి ఎముకల మీదికీ వచ్చి కూర్చుంటుంది. ఒట్టి కాళ్ల పరుగు గురించి ఒక్కటే సంగతి గుర్తుంచుకోవాలంటే నేను ఇదే చెబుతాను. భారం పోదు, చోటు మారుతుంది.

కొత్త భారానికి అలవాటు పడడంలో ఒక్కో అవయవానిదీ ఒక్కో వేగం. ఊపిరికి ముందే అలవాటుంది. అరికాలి చర్మం కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. కండ రెండు మూడు నెలలు తీసుకుంటుంది. స్నాయువు, ఎముక అన్నిటికంటే వెనక వస్తాయి. పైగా ఎముక కొత్త భారం పడగానే గట్టిపడదు. ముందు పాతదాన్ని కొంత తొలగించుకుని, ఆ తరవాత కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్య కాలంలో అది మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకు "అబ్బ, ఏ నొప్పీ లేదు, దూరం పెంచుదాం" అనిపిస్తుంది. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది పరుగు అలవాటున్నవాళ్లను తీసుకుని, అందులో 19 మందికి అయిదువేళ్ల పలుచటి బూట్లిచ్చారు. పది వారాల తరవాత ఎంఆర్ఐ తీస్తే, ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగి కనిపించింది. వాళ్లు అనుభవం లేనివాళ్లు కారు. ఊపిరికి అనుభవం ఉంది, ఎముకకు లేదు. బియ్యం పళ్లెంలో 'ఓనమః' దిద్దించిన మర్నాడు పిల్లాడి చేత ఉత్తరం రాయించం కదా. ఈ కాళ్ల చదువుకూ అంత వ్యవధి ఇవ్వండి.

సరే, మొదలుపెడదాం. మొదటి రెండు వారాలూ పరుగే వద్దు. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు బయట నేల మీద ఒట్టి కాళ్లతో నడవండి. ఇంట్లో గచ్చు మీద తిరిగే నడక దీనికి లెక్కలోకి రాదు. నున్నటి గచ్చు చర్మానికి ఏమీ నేర్పదు. నడుస్తున్నప్పుడే వేళ్లు విప్పారనివ్వండి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడండి. మెట్టు అంచున ముని పాదాల మీద నిలబడి మడమ నెమ్మదిగా కిందికి దించి పైకి లేవండి. పిక్కలకు దీన్ని మించిన తయారీ నాకు తెలియదు.

తరవాత పరుగు. ఎంతసేపు? ఒక్క నిమిషం. అవునండీ, ఒక్క నిమిషమే. అది కూడా రోజు విడిచి రోజు. మామూలుగా బూట్లతో మీరెంత పరిగెత్తుతారో అంతా పరిగెత్తండి, దాన్ని మానుకోనక్కర్లేదు. దానికి ముందు, కాళ్లు అలసిపోకముందు, బూట్లు విడిచి ఒక నిమిషం. వారం గడిచాక రెండు. మూడు నెలలకు పది, పన్నెండు నిమిషాలకు చేరితే చాలా బాగా వచ్చినట్టు. పిక్కలు పట్టేసినట్టుండడం మామూలే, ఒక రోజు ఎక్కువ విశ్రాంతి ఇస్తే పోతుంది. పాదం పైభాగంలో ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి అంటే మాత్రం అది వేరు. అది ఎముక మాట. ఆ రోజు నుంచి పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. మా విశాఖ బీచ్ రోడ్డులో రోజూ కనిపించే ఒక కుర్రాడు "చిన్న నొప్పే కదా" అని దానిమీదే పరిగెత్తి, సన్నటి చీలికతో నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు.

ఎక్కడ పరిగెత్తాలి అని అడిగితే అందరూ గడ్డి మీద, ఇసుక మీద అనుకుంటారు. నేను చదునైన సిమెంటు బాట, లేదా నున్నటి తారు రోడ్డు చెబుతాను. ఆశ్చర్యపోకండి. మెత్తటి నేల మీద తప్పుగా దిగినా కాలికి తెలియదు. గట్టి నేల వెంటనే చెబుతుంది. మడమ బాదుకుంటే రెండో అడుగుకే మీరే సర్దుకుంటారు. పైగా గడ్డిలో గాజుపెంకులూ, పల్లేరుకాయలూ కనిపించవు. ఇక ఇసుక సంగతి. మా విశాఖ రామకృష్ణా బీచ్‌లో అలల అంచున తడి ఇసుక గట్టిగా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది. అటే పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది, తుంటి దాకా నొప్పి లాగుతుంది. పరిగెత్తితే వెళ్లినంత దూరమూ అదే అంచున వెనక్కి రండి. పొడి ఇసుకలో మడమ లోతుగా దిగబడి స్నాయువును మరీ సాగదీస్తుంది, కొత్తవాళ్లకు వద్దు.

అడుగు ఎలా వేయాలి? దీనికి పుస్తకాల నిండా సలహాలున్నాయి. నాకు పనికొచ్చినవి కొద్దే. అడుగు చిన్నది చేయండి. పాదం ఒంటికి ముందు ఎక్కడో కాకుండా తుంటి కిందకు దగ్గరగా పడాలి. అడుగుల సంఖ్య పెంచండి. చప్పుడు వినండి. అడుగు చప్పుడు తగ్గితే మోకాలు సరిగ్గా వంగుతున్నట్టే. పాదం ముందు భాగం తాకాక మడమను కూడా నేలకు ఆననివ్వండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఎవరో 'మునివేళ్ల పరుగు' అన్నారని మడమను గాల్లోనే బిగపట్టి పరిగెత్తేవాళ్లను చూస్తుంటాను, పిక్కలు రెండు రోజుల్లోనే మొరాయిస్తాయి. వేళ్ల కింద బొబ్బలొస్తే అది చర్మం పలచన అని కాదు. పాదం నేల మీద రాసుకుంటోందని, అంటే వెనక్కి తోస్తున్నారనో, ముందుకు చాచి ఆపుతున్నారనో అర్థం. పాదాన్ని తోయకండి, ఎత్తండి.

ఇప్పుడు పాదరక్షల మాట. అడుగు పలుచగా ఉండాలి, మడమా వేళ్లూ సమాన ఎత్తులో ఉండాలి, రెండు చేతులతో పట్టుకుంటే మడవడానికీ మెలిపెట్టడానికీ వీలవ్వాలి, లోపల చిటికెన వేలు సహా అన్ని వేళ్లూ విప్పారాలి. వేళ్ల జాగా చూడడానికి సులువైన పని ఒకటుంది. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయండి. దాని మీద బూటు పెట్టండి. గీత బయటికి కనిపిస్తే ఆ బూటు మీది కాదు. వేలకు వేలు పోయక్కర్లేదు. మన బళ్లల్లో డ్రిల్లు పీరియడుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు, వేళ్ల దగ్గర వెడల్పుంటే, ఈ లక్షణాల్లో చాలావాటికి సరిపోతాయి. హవాయి చెప్పులు మాత్రం పరుగుకు పనికిరావు. జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, పాదం మొత్తం బిగుసుకుంటుంది.

ఒక జాగ్రత్త ఉంది. పలుచటి బూటు ఒట్టి కాలికంటే తొందరగా దెబ్బతీస్తుంది. ఒట్టి కాలితో వెళ్తే చర్మం మంటపుట్టి మిమ్మల్ని ఆపుతుంది. పలుచటి బూటు ఆ మంటను ఆపేస్తుంది, ఎముక మీద భారాన్ని మాత్రం ఆపదు. హాయిగా ఉంది కదా అని అయిదు కిలోమీటర్లు పోతారు. అందుకే ముందు ఒట్టి కాలు, తరవాతే పలుచటి బూటు అంటాను. డాలస్‌లో ఉండే మా మేనకోడలు చలికాలంలో ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద ఒట్టి కాళ్లతో పరిగెత్తొచ్చా అని అడిగింది. పట్టా వేడెక్కి కాళ్లు కమిలిపోతాయి, అక్కడ పలుచటి బూటే మేలన్నాను. బయట మంచు మీద అసలే వద్దన్నాను. తిమ్మిరెక్కిన అరికాలు ఏ కబురూ పంపదు.

ఈ మాటే ఇంకోచోట ప్రాణాల మీదికొస్తుంది. చక్కెర వ్యాధి ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, దయచేసి, ఈ వ్యాసంలో ఒట్టి కాళ్ల గురించి చెప్పింది ఏదీ చేయకండి. వాళ్లకు ఇంట్లో కూడా చెప్పులుండాలి. డాక్టర్లు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోమనేది అందుకే. మా వీధిలో ఒక పిన్నిగారికి కాల్లో గుండుసూది దిగిన సంగతి రెండు రోజులదాకా తెలియలేదు. మీకు చక్కెర ఉంటే, స్పర్శ బాగానే ఉందనుకున్నా సరే, ముందు సన్నటి నైలాను తీగతో పాదం తాకి చూసే పరీక్ష చేయించుకోండి. అయిదు నిమిషాల పని.

మిగిలినవాళ్లకు మన నేల తెచ్చే చిక్కులు వేరే. ఎండాకాలంలో తారు రోడ్డు పొద్దెక్కిన కొద్దిసేపటికే కాలుతుంది, సూర్యోదయానికి ముందే ముగించాలి. వానాకాలంలో నానిన చర్మం సులువుగా చిట్లుతుంది. బహిర్భూమికి వెళ్లే చోట్లా, వీధి కుక్కలు తిరిగే తడి ఇసుకలోనూ కొంకిపురుగు పిల్లలు వేళ్ల సందుల్లోంచే ఒంట్లోకి దూరతాయి. కాబట్టి శుభ్రమైన బాట ఎంచుకోండి. ధనుర్వాతం ఇంజెక్షను పదేళ్ల లోపు వేయించుకున్నదై ఉండాలి. ఇంటికి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, వెలుగులో అరికాళ్లు చూసుకుని, కొబ్బరినూనె రాయండి.

మొదలుపెట్టడానికి మన దగ్గర మంచి కాలం కార్తీకం. నేల పొడిగా, చల్లగా ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నలభై ఒక్క రోజులు ఒట్టి కాళ్లతో తిరిగేది కూడా అప్పుడే. మొదటి వారం కంకర మీద మెల్లగా అడుగులేసే స్వామి, దీక్ష ముగిసే నాటికి అదే బాట మీద చకచకా నడిచిపోతాడు. చర్మానికి ఆ మండలం చాలు. ఎముకకు ఇంకా కావాలని చెప్పుకున్నాం కదా. మా సింహాచలంలో ఆషాఢ పున్నమి ముందురోజు గిరి ప్రదక్షిణ జరుగుతుంది, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు. ఏడాదంతా చెప్పుల్లో ఉండి ఆ ఒక్క రాత్రే ఒట్టి కాళ్లతో తారు రోడ్డు ఎక్కినవాళ్ల పాదాలు తెల్లారేసరికి ఎలా ఉంటాయో చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కార్తీకంలో రోజుకు పావుగంట నడకతో మొదలుపెడితే ఆషాఢానికి ఎనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. వేసవిలో తెల్లవారుజామునే కానిచ్చుకుంటూ, నెల నెలా దూరం కాస్త పెంచుకుంటూ పోవచ్చు. ప్రదక్షిణ రోజున మాత్రం చేతిసంచీలో ఒక జత చెప్పులు ఉంచుకోండి. వేళ్ల వెనక ఎముక దగ్గర ఒకేచోట పోటు మొదలైతే, అది ఏ మైలురాయి దగ్గరైనా సరే, అక్కడే ఆగి అవి వేసుకుని మిగతా దూరం నడవండి.